గురువు లేని విద్య గుడ్డి విద్యయేనా?

కొన్ని మాసముల క్రిందట మా మిత్రుడొకడు ఉత్తరదేశ యాత్ర ముగించుకొని వచ్చి, చండీగఢ్ నగరమున తాను చూచిన రాతితోట ఛాయాచిత్రములను ఫోనులో మాకు చూపుచు మిగుల ఉత్సాహముతో నిట్లనెను: "చూచారా మేష్టారూ! ఈ బొమ్మలన్నీ ఒక రోడ్డు ఇన్స్పెక్టరు చేసినవట. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిత్రకళాశాల గడప తొక్కలేదు. పూర్వజన్మ సుకృతం కాక మరేమిటి?"

అంతలో ఆయన మనుమరాలు, ఆరేండ్ల పిల్ల, మంచము క్రిందినుండి పాత చెప్పులపెట్టె నొకదానిని లాగుకొని వచ్చినది. అందులో పగిలిన గాజుముక్కలు, సీసా మూతలు, తెగిన గొలుసొకటి, రెండు గులకరాళ్ళు నున్నవి. పిల్ల వానిని నేలమీద ఏదో వరుసలో పేర్చ నారంభించెను. మిత్రుడు ముఖము చిట్లించి "అమ్మాయ్! ఈ చెత్త తీసి అవతల పారెయ్యి, పిల్ల చేతులు తెగుతాయి" అని కోడలికి కేకవేసి, మరల మావైపు తిరిగి ఛాయాచిత్రములు చూపసాగెను. తాను వేనోళ్ళ పొగడుచున్న తోట అట్టి గాజుముక్కలతోడనే కట్టబడినదన్న సంగతి ఆయనకు తోచనే లేదు.

ఆ మిత్రుని నిందించుటకు మేమీ వ్యాసమును వ్రాయుట లేదు. ఆయన చదువుకొన్నవాడు, కొడుకునకు కట్నము పుచ్చుకొనక పెండ్లి చేసినవాడు, ఇంట నలుగురు కూర్చుండి మంచి గ్రంథము చదువుకొను అలవాటు గలవాడు. అయినను ఆయన నోట వెడలిన మాట మన యిండ్లలో నందఱి నోటను వెడలుచున్న మాటయే గనుక, దానితో కయ్యమునకు దిగక తప్పినది కాదు.

ముందుగా ఆ రోడ్డు ఇన్స్పెక్టరు వృత్తాంతమును కొంచెము చెప్పుకొందము. నేక్ చంద్ 1924వ సంవత్సరమున, నేడు పాకిస్తానులో చేరియున్న షకర్‌గఢ్ ప్రాంతపు పల్లె నొకదానిలో, వ్యవసాయదారుల కుటుంబమున జన్మించెను. తల్లి చెప్పు రాజుల కథలు వినుచు, ఏటిగట్టున రాళ్ళేరుకొని ఆడుకొనుచు పెరిగెను. 1947లో దేశవిభజన జరుగగా ఊరు విడిచి రావలసి వచ్చెను. లాహోరు సరిహద్దు కావలికి పోయినందున మన పంజాబునకు క్రొత్త రాజధాని కావలసివచ్చి చండీగఢ్ కట్టుట మొదలిడినప్పుడు, 1951లో ఆయన ఆ పనులలో రోడ్డు ఇన్స్పెక్టరుగా చేరెను. తన ఊరు పోగొట్టుకొన్న వాడు పరుల ఊరు కట్టు పనిలో కుదిరెనన్నమాట. ఆ క్రొత్త నగరమునకు చోటు చేయుటకై అక్కడ నున్న పల్లెలను ఖాళీ చేయించి కూల్చిరి. కూలిన యిండ్ల శిథిలములలో పింగాణి పెంకులు, గాజులు, కుండలు, సైకిలు తుక్కు, ఇనుపకమ్మీలు కుప్పలుగ పడియుండెను. తక్కిన ఉద్యోగులకు అవి తొలగింపవలసిన చెత్త. ఈయనకు మాత్ర మవి మనుష్యులు వదలిపోయిన సామగ్రిగ కనబడెను.

1958వ సంవత్సర ప్రాంతమునుండి, ఉద్యోగము ముగిసిన పిదప, ఆయన సైకిలెక్కి ఆ తుక్కును, చుట్టుప్రక్కల వాగులలోని వింత ఆకారముల రాళ్ళను ఏరి తెచ్చి, సుఖనా సరస్సునకు చేరువ నున్న అడవిలో దాచుచుండెను. అది కట్టడములు కూడదని నిషేధించిన ప్రభుత్వ భూమి. కావున పని యంతయు రహస్యము. భార్యకును ఒకరిద్దఱు ఆప్తులకును తప్ప తెలియదు. రాత్రులందు పాత టైరులు కాల్చి ఆ వెలుతురున పనిచేసెను. 1970 తరువాతి తొలియేండ్లలో అధికారుల కంట బడునప్పటికి ఆ అడవినడుమ వందల విగ్రహములు నిలిచియుండెను.

ఇప్పుడు మా మిత్రుని వాక్యమునకు వత్తము. "ఎవరి దగ్గరా నేర్చుకోలేదు." ఈ మాటను పొగడ్తగా వాడుదుము. విచారించి చూడగా దీనిలో పొగడ్త కంటె మన సోమరితనమే అధికము. నేర్చుకొనకయే వచ్చినదనిన, నేర్పవలసిన పూచీ మనకు లేకపోయెను. పూర్వజన్మ సుకృతమనిన, ఈ జన్మలో మన పిల్లలకు చేయదగిన దేదియు లేకపోయెను. ఎదుటివాని ఇరువదేండ్ల కష్టమును ఒక్క మాటతో దేవుని పద్దున వ్రాసివేసి, మనము చేతులు కడుగుకొనుచున్నాము.

ఈ మాట యెవరికి వాడుదుమో, యెవరికి వాడమో గమనింపుడు. అదే చండీగఢ్ నగరమునకు రూపకల్పన చేసిన ల కోర్బూజియే యను మహాశయుడు ఏ వాస్తువిద్యా కళాశాలలోను పట్టము పుచ్చుకొన్నవాడు కాడు. స్విట్జర్లండులో లా షో ద ఫోఁ అను గడియారముల ఊర పుట్టి, అక్కడి కళాపాఠశాలలో గడియారపు డిప్పలపై నగిషీ చెక్కు విద్యతో మొదలిడి, పిదప పారిసులో పెరే యొద్దను, జర్మనీలో బేరెన్స్ యొద్దను పనిచేయుచు, దేశదేశములు తిరిగి కట్టడములను చూచుచు, బొమ్మలు గీసికొనుచు తనకు తానే వాస్తుశిల్పి యైనవాడు. ఆయనను చూచి "పాపము, ఎవరివద్దను నేర్వలేదట, అయినను ఎంత చక్కగ కట్టినాడు" అని ఎవరైన అందురా? ఆయన ఆచార్యుడు, ఈయన స్వయంశిక్షితుడు. ఇద్దఱును పట్టము లేనివారే, ఇద్దఱి కట్టడములును ఒక్క నగరమున కూతవేటు దూరమున నున్నవి. భేదమెల్ల జీతములోను, భాషలోను, దొరతనములోను గలదు. స్వయంశిక్షితుడను పదము కళను గూర్చి చెప్పు పదము కాదనియు, అది కులగోత్రముల వంటి దనియు మేము తలచుచున్నాము.

మన ఆలంకారికులు ఈ విషయమున మనకంటె వివేకవంతులు. కావ్యప్రకాశకారుడైన మమ్మటుడు కవిత్వమునకు కారణము చెప్పుచు శక్తి, నిపుణత, అభ్యాసము అని మూటిని పేర్కొని, ఆ మూడును వేర్వేఱు కారణములు గావు, కలిసి యొక్కటే కారణమని నిర్ణయించెను. శక్తి యనగా పుట్టుకతో వచ్చు బీజము. దానినే పట్టుకొని మనవారు సుకృతమని ఊరేగుదురు. రెండవదగు నిపుణత లోకమును, శాస్త్రములను, పూర్వకవుల కృతులను పరిశీలించుటవలన వచ్చునని ఆయనయే చెప్పెను. మూడవది తెలిసినవారి శిక్షణలో మరల మరల చేయు అభ్యాసము. ఇచ్చట మాకు ప్రతివాది యొకడు అడ్డుతగిలి, "శిక్షణ యన్నప్పుడు గురువు కావలెను గదా! నీ నేక్ చందునకు గురువెవరు?" అని అడుగవచ్చును. అడుగనిండు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే ఇంత దూరము వచ్చితిమి.

రోడ్డు ఇన్స్పెక్టరు పని యెట్టిదో ఎఱిగినవారికి ఆ గురువులు కనబడుదురు. కంకర ఏ పాళమున నున్న రోడ్డు నిలుచునో, ఇసుక ఎంత, సిమెంటు ఎంత కలుపవలయునో, పోసిన సిమెంటును ఎన్నాళ్ళు తడుపుచుండవలయునో, వాననీరు ఎటు పాఱునో, ఏ వాలున మన్ను జాఱునో ఆయన ప్రతిదినము చూచెను. తాపీమేస్త్రీలు, కూలీలు, బండివాండ్రు ఆయనకు సహాధ్యాయులు. సిమెంటును ఏడేండ్లు పదేండ్లు కన్నులార చూచి, చేతులార ముట్టినవానిని నేర్చుకొననివాడనుట యెట్లు? కళాశాలలో అది శిల్పశాస్త్రము. రోడ్డుమీద అది కూలిపని. ఇంతే గదా!

ఇంక ఆయన పనిచేసిన తీరు చూడుడు. సామాన్యముగ శిల్పి మనసులో ఒక రూపము తలచి దానికి తగిన ఱాతిని వెదకును. నేక్ చంద్ ఱాతిని ముందు తెచ్చి, దానిలో నున్న రూపమునకై వేచియుండెను. కట్టుట మొదలిడుటకు ముందు సుమారు ఏడేండ్లు కేవలము పోగుచేయుటయే జరిగెనని ఆయన వృత్తాంతము వ్రాసినవారు చెప్పుచున్నారు. ఈ యేడేండ్ల మాట మాకు మిగుల ముఖ్యముగ తోచుచున్నది. ఒక ఱాయి పక్షివలె నుండును, ఒకటి కూర్చున్న ముసలివానివలె నుండును. దానిని ఇటు త్రిప్పి, అటు త్రిప్పి, మఱియొక ఱాతి ప్రక్కన నిలిపి చూచుటయే అక్కడ అధ్యయనము. గ్రంథమును ఏడేండ్లు చదివినవానిని పండితుడందుము. ఱాళ్ళను ఏడేండ్లు చదివినవానిని ఏమందుము?

విగ్రహములు చేయు పద్ధతి సులభముగ కనబడును గాని సులభము కాదు. ముందు ఇనుపకమ్మీలతోనో పాత సైకిలు చట్రముతోనో అస్థిపంజరము కట్టును. దానిపై గోనెగుడ్డలును సిమెంటును కప్పి దేహము పోయును. పై పూత ఆఱకముందే పెంకులు, గాజులు, పింగాణి ముక్కలు, ఇనుపకొలిమి చిట్టెము మున్నగువానిని పొదుగును. ముందు పొదిగిన అవి దిగబడిపోవును, ఆలసించిన అంటుకొనవు. ఆ నడిమి కాలమును చేతివ్రేలే చెప్పవలయును. సైకిలు సీటు జంతువు తలయగును, ముందు చక్రమును పట్టు కవలకమ్మి కాళ్ళగును. వానకు తడిసి గట్టిపడి, ఎవరికిని పనికిరావని పాఱవేసిన సిమెంటు సంచులు గోడలకు దిమ్మెలైనవి. మంగలి దుకాణములలో ఊడ్చివేసిన వెంట్రుకలు బొమ్మలకు జుట్టైనవి. వీనిలో ఏదియు చమత్కారమునకై చేసినట్లు కనబడదు. డబ్బు లేనివాడు, అనుమతి లేనివాడు, చేతికి దొరకిన దానితో పని గడుపుకొన్నట్లు కనబడును. లేమియే ఆయనకు శైలిని నేర్పినదనుట అతిశయోక్తి కాదు.

మేము ఒక వేసవి సెలవులలో ఆ తోటను స్వయముగ చూచియున్నాము. నిజము చెప్పవలసిన, అంతయు ఒక్క తీరుగ మాకు నచ్చలేదు. ప్రభుత్వ సాహాయ్యము లభించిన పిదప కట్టిన పెద్ద కమానులు, వానికి వ్రేలాడు ఊయెలలు తిరునాళ్ళ సందడిని తలపించినవి. కాని గాజుముక్కలు తొడిగిన స్త్రీమూర్తులు వరుసలు తీర్చి నిలిచిన చోట మేము చాలసేపు కదలలేకపోతిమి. ఒక్కొక్క ముఖము వేఱు. ఎవరికొఱకో ఎదురుచూచుచున్నట్లు, ఇంతలో ఎవరో పేరుపెట్టి పిలువబోవుచున్నట్లు నిలిచియున్నారు. ఊళ్ళు ఖాళీ చేసిపోయిన వారి గాజులే అవి యని తలచుకొన్నప్పుడు ఒడలు జలదరించినది. ఆ తోటలో ద్వారములు మిక్కిలి కుఱుచ. ఎంతటివాడును తల వంచియే లోని కేగవలయును. మనుష్యుల స్మారకవిగ్రహములు నిలుపరాదని తన నగరమునకు శాసనము చేసినవాడు ల కోర్బూజియే. ఆ నగరపు టంచున, అనుమతి లేకయే, పేరులేని మనుష్యులు ఇందఱు లేచి నిలిచిరి!

ఇట్టివాడు లోకమున ఈయన యొక్కడే కాడు. ఫ్రాన్సుదేశమున ఓత్‌రీవ్ అను పల్లెప్రాంతమున ఉత్తరములు పంచు షెవాల్ అను తపాలా బంట్రోతు 1879లో నడచుచుండగా ఒక ఱాయి కాలికి తగిలెను. ఆ ఱాతి రూపమునకు మోహపడి, దినదినము ఱాళ్ళను ఏరి మోసికొనివచ్చి, 33 ఏండ్లు శ్రమించి 1912లో ఒక విచిత్ర భవనమును ముగించెను. 1969లో ఆ దేశపు సాంస్కృతిక మంత్రి మాల్రో దానిని జాతీయ స్మారకముగ రక్షించెను. షెవాల్ మరణించినదియు, నేక్ చంద్ జన్మించినదియు 1924లోనే. అంతకు మించిన సంబంధము వారికి లేదు. ఒకడు ఉత్తరములు పంచుచు, ఒకడు రోడ్లు పరీక్షించుచు, ఇద్దఱును నేలవైపు చూచుచు నడుచు ఉద్యోగములు చేసిరి. మనము పిల్లలకు చెప్పునది తల యెత్తి నడువుమని.

గురువు లేని విద్య యనగానే మనకు ఏకలవ్యుడు జ్ఞప్తికి వచ్చును. మన యిండ్లలో ఆ కథను గురుభక్తికి ఉదాహరణముగ చెప్పుదురు. మేమును పాఠశాలలో అట్లే చెప్పితిమి. ఇప్పుడు సిగ్గుపడుచున్నాము. ఆ కథలో విద్య నేర్పినది ద్రోణుడు కాదు, మట్టిబొమ్మ. బొటనవ్రేలు పుచ్చుకొన్నది మాత్రము ద్రోణుడు. నేర్పనివాడు దక్షిణ అడుగుటకు ముందు వచ్చుట నాటినుండి నేటివఱకును ఉన్నదే. నేక్ చంద్ పని బయటపడినప్పుడు చట్టము ప్రకారము దానిని కూలద్రోయవలసియుండెను. జనము తండోపతండములుగ చూడవచ్చుటవలనను, కళాభిజ్ఞుడైన మొహిందర్ సింగ్ రంధావా వంటి యధికారులు దానిని కాపాడవలెనని పట్టుపట్టుటవలనను అది నిలిచి, 1976లో ప్రజలకై తెఱవబడెను. ఆయనకు జీతమిచ్చి, ఏబదిమంది కూలీల నొసగిరి. 1984లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. అంతటితో కథ సుఖాంతమని తలపకుడు. 1990 ప్రాంతమున, ఉన్నత న్యాయస్థానమునకు వచ్చు పెద్దల వాహనములకు దారి కావలెనని ఆ తోటమీదికి బుల్డోజరులు వచ్చెను. ఊరిజనము చేయి చేయి పట్టుకొని అడ్డముగ నిలిచినందున మరలిపోయెను. 1996లో ఆయన అమెరికాలో ప్రసంగించుచుండగా ఇక్కడ ఎవరో విగ్రహములను విఱుగగొట్టిరి. ఆయన 2015 జూన్ 12వ తేదిని తొంబదేండ్ల వయసున దివంగతుడయ్యెను. తోట మాత్రము నేటికిని నిలిచియున్నది.

ఆ యేబదిమంది కూలీల సంగతి ఎవరును తఱచుగ ప్రస్తావింపరు. ఎవరివద్దను నేర్వలేదని మనము చెప్పుకొను మనుష్యుడు వారితో పనిచేయించి, తన పద్ధతి చూపించి, తరువాతి భాగములను కట్టించెను. నేర్వనివాడు నేర్పుట యెట్లు సాధ్యము?

పరులను తప్పుపట్టుట సులభము. మా సంగతియు చెప్పవలయును. మేము ఇరువదేండ్లకు పైబడి ఉపాధ్యాయవృత్తిలో నున్నాము. మేము మునుపు పనిచేసిన యొక పాఠశాలలో చిత్రలేఖనమునకు వారమున కొక్క గంట కేటాయించియుండిరి. పరీక్షలు దగ్గఱపడగానే ఆ గంటను మేము వ్యాకరణమునకు పుచ్చుకొనుచుంటిమి, గణితోపాధ్యాయుడు పోటీపడెడివాడు. ఒకనాడు సమాసములు చెప్పుచుండగా ఏడవ తరగతి బాలుడొకడు బల్ల క్రింద రాగితీగతో ఏదో అల్లుచుండెను. పట్టుకొని, జేబులు తిప్పి చూచితిమి. తీగలు, మేకులు, పాత గడియారపు చక్రములు గుప్పెడు బయటపడినవి. వానిని తరగతి యెదుట చెత్తబుట్టలో వేయించి, ద్విగుసమాసమునకు ఇరువది ఉదాహరణములు వ్రాయుమని శిక్షించితిమి. వాడు వ్రాసెను, తప్పులు లేవు. తీగతో అల్లినది ఎద్దు. కొమ్ములు మాత్రము మిగిలియున్నవి. ఆ యెద్దు నడుమును వంచిన తీరు మాకు నేటికిని కన్నులకు కట్టినట్లున్నది. ఆ తరువాత వాని జేబులలో మఱెప్పుడును ఏమియు కనబడలేదు. మా బోధన ఫలించినదని ఆనాడు సంతోషించితిమి కూడ.

"పిల్లలందఱు నేక్ చందు లగుదురా?" అని గృహస్థులు మమ్ము అడుగుచున్నారు. కారు. అమ్మాయికి సంగీతము చెప్పించుచున్నారు గదా, త్యాగరాజస్వామి యగునని చెప్పించుచున్నారా? "అట్లయిన సెలవులలో చిత్రకళ తరగతులకు పంపుచున్నామండీ, ప్రశంసాపత్రము కూడ ఇచ్చిరి" అని మఱికొందఱు. పంపుడు, తప్పు లేదు. అయినను, ఎవరో గీసి యిచ్చిన నెమలిలో గీత దాటకుండ రంగు నింపి పత్రము తెచ్చుకొన్న పిల్లకును, తనకు తోచిన ఱాతిని తానే యేరి తెచ్చుకొన్న పిల్లకును చాల దూరమున్నది. మొదటిదానికి మనము డబ్బు కట్టుచున్నాము. రెండవదానిని చీపురుతో ఊడ్చుచున్నాము.

మేము గురువులు వలదనుట లేదు. ఆ వృత్తిచేతనే మా పొట్ట గడచుచున్నది. గురువు బడిలోనే యుండునని, పట్టము కట్టుకొనియే వచ్చునని, పిల్లవాడు తనంతట చూచినది చదువు కాదని తలచు తలపును మాత్రము వలదనుచున్నాము. ఇంటిలో పెరడున్నవారు పెరటిలో, లేనివారు వసారాలో, బహుళాంతస్తుల భవనములలో నున్నవారు బాల్కనీలో ఒక మూల, మూడడుగుల పలక వేసి, దానిపైని వస్తువులను నెలదినములు ఊడ్వకుండుడు. గాజుపెంకుల కొనలను పెద్దవారు సానపై అఱగదీసి ఇయ్యవచ్చును. చేయి తెగునను భయము తీఱును. ఇది సంస్కరణము క్రింద లెక్కకు వచ్చునో రాదో మాకు తెలియదు. ఖర్చు లేని పని, అందుచేతనే ఎవరును చేయని పని.

మా మిత్రుని మనుమరాలి సంగతి చెప్పక మిగిలినది. ఆ కోడలు మామగారి మాట జవదాటునది కాదు. పెట్టెను తీసికొనిపోయి క్రింద చెత్తకుండిలో వేసి వచ్చెను. పిల్ల ఏడ్వలేదు, నేలమీద పేర్చిన వరుసలో తల్లి చూడక మిగిలిపోయిన ఆకుపచ్చ గాజుముక్క నొకదానిని గుప్పిట పట్టుకొని లోపలి గదిలోనికి పోయెను. మేము అదంతయు చూచుచునే యుంటిమి. మిత్రుడు తరువాతి ఛాయాచిత్రము చూపెను. అది గాజులతో చేసిన స్త్రీమూర్తుల వరుస. మేము కాఫీ త్రాగుచు, అద్భుతముగ నున్నదంటిమి.